ఐదు ఆటల్లో 34, ఆరో ఆటలో 32

పాఠకుల ప్రశ్నలు, జవాబులు – అక్టోబర్ 2024

అక్టోబర్ 12, శనివారం రాత్రి యూజీన్‌లో ఒరెగాన్ చేతిలో మన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒహాయో స్టేట్ 32-31 తేడాతో ఓడిపోయింది. 2024 సీజన్‌లో మనకిది మొదటి ఓటమి. ఈ శనివారం ఆట లేదు. సగం సీజన్ అయింది కాబట్టి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి: మన పాస్ డిఫెన్స్‌కి, అంటే అవతలి జట్టు విసిరే పాస్‌లను ఆపే పనికి, ఏమైంది?

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి ఒహాయో స్టేట్‌లో రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆట లేదని ఇంటికి వచ్చాడు. అన్నం దగ్గర కూర్చున్నా "మన పాస్ డిఫెన్స్ పని అయిపోయిందమ్మా" అనే మాటే. ఐదు గేముల్లో ఎవరికీ పట్టుమని పదిహేను పాయింట్లు కూడా ఇవ్వని టీమ్ ఒక్క రాత్రిలో ఎలా పాడైపోతుంది? వాడి మాట నిజమేనా? – ఒక తల్లి, డబ్లిన్, ఒహాయో

జవాబు: చెల్లెమ్మా, ఆ రాత్రి ఆట ముగిసేసరికి మన టైములో పదకొండు దాటింది. టీవీ కట్టేశాక నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. కాబట్టి మీ అబ్బాయి ఎందుకలా ఉన్నాడో నాకు అర్థమవుతుంది. కానీ వాడి మాటలో సగమే నిజం.

ముందు ఆ ఐదు ఆటలు చూద్దాం. ఆక్రన్ 6, వెస్టర్న్ మిషిగన్ 0, మార్షల్ 14, మిషిగన్ స్టేట్ 7, అయోవా 7. మొత్తం 34 పాయింట్లు. ఒరెగాన్ ఒక్కటే 32 కొట్టింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరికైనా గుండె జారుతుంది. నేను మాత్రం ఆ 34 దగ్గరే ఆగిపోయాను. ఆ ఐదు జట్లలో మన కార్నర్‌బ్యాక్‌లను, అంటే పాస్ పట్టడానికి పరిగెత్తే రిసీవర్లను కాచేవాళ్లను, లోతైన పాస్‌లతో పదే పదే నిలదీయగల జట్టు ఏది? ఒక్కటీ లేదు. అయోవా ఏళ్ల తరబడి పరుగును నమ్ముకున్న జట్టు. ఆక్రన్, మార్షల్ దగ్గర మన వాళ్లను దాటి పరిగెత్తగల రిసీవర్లు లేరు. అంటే సెప్టెంబర్‌లో మన పాస్ డిఫెన్స్ బాగుందని మనకు తెలియలేదు. బాగోలేదని తెలియడానికి అవకాశం రాలేదు, అంతే. పరీక్ష రాయని పిల్లవాడికి మార్కులు వేసుకుని మురిసిపోయాం. నేనూ మురిసిపోయాను.

అక్టోబర్ 12న అసలు పరీక్ష వచ్చింది. డిల్లన్ గాబ్రియేల్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆరో ఏడు ఆడుతున్న ఎడమచేతి క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరేవాడు. సెంట్రల్ ఫ్లోరిడాలో ఆడాడు, ఓక్లహోమాలో ఆడాడు, ఇప్పుడు ఒరెగాన్‌లో ఉన్నాడు. అతను చూడని డిఫెన్స్ అంటూ ఉండదు. ఆ రాత్రి 34 పాస్‌లు విసిరితే 23 చేరాయి, 341 యార్డులు వచ్చాయి. రిసీవర్ ఎవాన్ స్టూవర్ట్ ఒక్కడే 7 పట్టి 149 యార్డులు తీశాడు.

మీ అబ్బాయి 341 అంకె పట్టుకుని బాధపడుతూ ఉంటాడు. నేను చూసే లెక్క వేరు. 341ని 34తో భాగిస్తే పది వస్తుంది. విసిరిన ప్రతి పాస్‌కూ, నేల మీద పడ్డవి కూడా కలుపుకుని, పది యార్డులు. ఫస్ట్ డౌన్‌కు, అంటే బంతి తమ దగ్గరే ఉండడానికి నాలుగు ప్రయత్నాల్లో, కావలసింది కూడా పదే కదా. ఈ సగటు ఏడు దాటిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. పది అంటే అవతలివాడు ఆడిందే ఆట. మొత్తం యార్డులు చాలాసార్లు మోసం చేస్తాయి. వెనకబడ్డ జట్టు చివర్లో విసురుతూనే ఉంటుంది కాబట్టి గెలిచిన జట్టు డిఫెన్స్ ఇచ్చిన లెక్కలో యార్డులు పేరుకుంటాయి. ఒక్కో పాస్‌కు సగటు చూస్తే ఆ మోసం చాలావరకు పోతుంది.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన అంకె సున్నా. ఆ రాత్రి మనవాళ్లు గాబ్రియేల్‌ని ఒక్కసారి కూడా శాక్ చేయలేదు, అంటే బంతి విసరకముందే పడగొట్టలేదు. మన ముందు వరుసలో ఆడే జాక్ సాయర్, జేటీ టుయిమోలోవా, టైలీక్ విలియమ్స్, టై హామిల్టన్ నలుగురూ ప్రో లీగ్‌కు (ఎన్‌ఎఫ్‌ఎల్‌కు) వెళ్లే అవకాశం ఉండి కూడా ఇంకో ఏడాది ఆడదామని ఆగినవాళ్లు. దేశంలో మంచి ఫ్రంట్ లైన్లలో ఒకటని ఆగస్టులో అందరూ అన్నారు, నేనూ అన్నాను. బంతి కదలగానే నేను మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం నాకు పాత అలవాటు. మూడు లోపే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేసేలా మనవాళ్లు మీదకు రావాలి. ఒరెగాన్ లోతుగా విసిరినప్పుడు నా లెక్క మూడు దాటి పోతూనే ఉంది. అంతసేపు స్టూవర్ట్ లాంటి వాడి వెంట ఒంటరిగా పరిగెత్తి ఏ కార్నర్‌బ్యాక్ నిలబడగలడు? మీరు పాస్ డిఫెన్స్ పట్టికలు చూస్తే అందులో ఈ సంగతి కనిపించదు. కాలేజీ ఆటలో శాక్ వల్ల పోయిన యార్డులను పరుగు ఖాతాలో తీసేస్తారు, పాస్ ఖాతాలో కాదు. శాక్ లేకపోయినా పాస్ పట్టిక ఏమీ చెప్పదు.

కాబట్టి మీ అబ్బాయికి చెప్పండి. పాస్ డిఫెన్స్ పని అయిపోలేదు. మొదటిసారి దాని పని బయటపడింది. ముందున్న నలుగురూ వెనకున్న ఐదుగురూ ఒకే పని చేస్తున్నారన్న సంగతి ఆ రాత్రి ఎవరి ప్లాన్‌లోనూ కనిపించలేదు. దాన్ని సరిదిద్దుకోవడానికి దేవుడిచ్చినట్టు రెండు వారాల టైము దొరికింది.

ప్రశ్న: సార్, మా అమ్మాయి ఆగస్టులో కొలంబస్‌లో ఎమ్మెస్‌లో చేరింది. తన కోసం మేమూ ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున లేచి ఒరెగాన్ గేమ్ చూశాం. మాకు తెలిసిన ఫుట్‌బాల్ గుండ్రటి బంతితో ఆడేది. కార్నర్ అంటే కార్నర్ కిక్. ఈ కార్నర్‌బ్యాక్ ఎవరు? అందరూ అతన్నే ఎందుకు తిట్టారు? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: అయ్యా, మీరు కార్నర్ కిక్ పక్కన పెట్టి కబడ్డీ గుర్తు తెచ్చుకోండి. కబడ్డీలోనూ ఈ రెండు మాటలూ ఉన్నాయి: కార్నర్, కవర్. నేను తెనాలి దగ్గర పల్లెలో హైస్కూల్ రోజుల్లో లెఫ్ట్ కార్నర్ ఆడాను. రైడర్ కూతకు వచ్చినప్పుడు వాడి మడమ పట్టుకునేవాడు కార్నర్. పట్టుకున్న మరుక్షణం పక్క నుంచి కవర్ వచ్చి మీద పడాలి. కవర్ రాకపోతే బలమైన రైడర్ కార్నర్‌ను ఈడ్చుకుంటూ గీత తాకేస్తాడు. చూసేవాళ్ల కళ్లకు ఓడింది కార్నరే. రావలసిన కవర్ రాలేదని ఎవరూ అనరు. మోకాళ్లు గీరుకుపోయి లేచినప్పుడల్లా నాకు ఆ మాట గొంతు దాకా వచ్చేది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ రెండు చివరల్లో నిలబడి అవతలి రిసీవర్‌ను కాచేవాడు. రిసీవర్‌కు తను ఎటు తిరగాలో ముందే తెలుసు. కార్నర్‌బ్యాక్ వెనక్కి పరిగెడుతూ అది కనిపెట్టాలి. వాళ్ల వెనక సేఫ్టీలు ఉంటారు, వాళ్లు మన కవర్ లాంటి వాళ్లు. మైదానం వెడల్పు 53 యార్డుల పైమాట. కాలేజీలో బంతిని పెట్టే హ్యాష్ గీతలు ప్రో లీగ్‌లో కన్నా ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. అందుకని బంతి ఒక పక్కకు ఉన్నప్పుడు రెండో పక్క పెద్ద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ఒంటరిగా నిలబడ్డవాడి పని ఎంత కష్టమో ఈసారి గేమ్ చూసేటప్పుడు గమనించండి.

మీ అమ్మాయికి చెప్పండి, స్టేడియంలో మొదటిసారి కూర్చున్నప్పుడు బంతినే చూడకుండా ఒక కార్నర్‌బ్యాక్‌ను మాత్రమే పది నిమిషాలు చూడమని. టీవీ అతన్ని చూపించదు. నేను అలాగే నేర్చుకున్నాను. 1998లో ఎమ్మెస్‌కు వచ్చిన మొదటి ఏడాది మా రూమ్మేట్ నన్ను స్టేడియంకు లాక్కుపోయాడు. ఆటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఒక పొట్టి మనిషి చివర్లో నిలబడి తనకన్నా జానెడు ఎత్తు వాళ్లను నేలకేసి కొడుతున్నాడు. చూడగానే మా ఊరి కబడ్డీ గుర్తొచ్చింది. అతను ఆంట్వాన్ విన్‌ఫీల్డ్. ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కు ఇచ్చే జిమ్ థోర్ప్ అవార్డు అతనికే వచ్చింది, ఒహాయో స్టేట్ నుంచి మొదటిసారి. అప్పటి నుంచి నా కళ్లు ఆ చివరనే ఉంటున్నాయి.

ప్రశ్న: అంకుల్, మా డార్మ్‌లో అందరూ మన కార్నర్‌బ్యాక్ డెంజెల్ బర్క్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టాలంటున్నారు. ఫోన్లలో అతని మీద పెడుతున్న మాటలు చదివితే నాకే కష్టంగా ఉంది. కానీ ఆట చూస్తే వాళ్లన్నదీ తప్పని చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు? – ఒక విద్యార్థి, కొలంబస్

జవాబు: బాబూ, నువ్వు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు సంతోషంగా ఉంది.

నిజం ముందు చెప్పుకుందాం. ఆ రాత్రి బర్క్ బాగా ఆడలేదు. గాబ్రియేల్ అతని వైపే ఎంచుకుని విసిరాడు, మళ్లీ మళ్లీ ఫలితం వచ్చింది. కొన్నిసార్లు బర్క్ రిసీవర్ పక్కనే ఉండి కూడా బంతి వైపు తల తిప్పలేదు. అది అతని తప్పే, కోచ్ మీదకు నెట్టను.

కానీ ఇతను ఎవరు? అరిజోనా నుంచి వచ్చి 2021లో ఫ్రెష్మన్‌గా, అంటే కాలేజీలో చేరిన మొదటి ఏడే, మొదటి గేమ్ నుంచే స్టార్టర్ అయినవాడు. నాలుగో ఏడు ఆడుతున్నాడు. నిన్నటి సీజన్ తర్వాత ప్రో లీగ్‌కు పోవచ్చు, పోలేదు. మన దగ్గర కార్నర్‌బ్యాక్ జాగా మామూలుది కాదు. 2014 నుంచి 2020 వరకు బ్రాడ్లీ రోబీ, ఈలై యాపిల్, మార్షాన్ లాటిమోర్, గేరియన్ కాన్లీ, డెంజెల్ వార్డ్, జెఫ్ ఒకుడా, డేమన్ ఆర్నెట్ అని ఏడుగురు ఎంపికల మొదటి రౌండ్‌లోనే ప్రో లీగ్‌కు వెళ్లారు. వాళ్లు ఆడిన చోట ఆడుతున్న కుర్రాడు ఒక రాత్రి జారితే జనం అతని ముఖాన్ని కాదు, ఆ ఏడుగురి ముఖాలను చూసి తిడతారు.

బెంచ్ సంగతి. బర్క్ బదులు ఆడగల జెర్మైన్ మాథ్యూస్ మంచి కుర్రాడు, సిన్సినాటి వాడు. అతనికి ఇంకొన్ని స్నాప్‌లు, అంటే ఆడే అవకాశాలు, ఇస్తే నేను కాదనను. అవతలి చివరన ఉన్న డేవిసన్ ఇగ్బినోసన్ మీద ఈ సీజన్‌లో తప్పు చేశాడని రిఫరీలు వేసే జెండాలు ఎక్కువే పడ్డాయి. అయినా అతన్ని చూస్తే నాకు బర్క్ అంత భయం లేదు. కాలేజీలో పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌కు (పాస్ పట్టకుండా రిసీవర్‌ను చేతులతో అడ్డుకోవడానికి) పదిహేను యార్డుల కన్నా పోవు. చేతులు వేసి జెండా తెచ్చుకున్నవాడు కనీసం రిసీవర్‌కు దగ్గరలో ఉన్నాడన్నమాట. అతనికి చేతులు దించడం నేర్పొచ్చు. బర్క్‌ది మనసు మీద పడ్డ దెబ్బ, దానికి బెంచ్ మందు కాదు. మూడు కొద్దిపాటి పాస్‌లు అతని వైపు వచ్చి, వాటిని అతనే కొట్టి పడేస్తే మళ్లీ మనిషి అవుతాడు. అందుకు అతని వెనక సేఫ్టీ సాయం కావాలి.

ఆ సాయం మన దగ్గర ఉంది. కేలబ్ డౌన్స్. కోచ్ నిక్ సేబన్ రిటైరయ్యాక అలబామా నుంచి మన దగ్గరకు వచ్చినవాడు. దేశంలో ఇంతకన్నా తెలివైన సేఫ్టీని నేను ఈ రెండేళ్లలో చూడలేదు. ఒరెగాన్ ఆటలో అతన్ని ఎక్కువగా లోతున నిలబెట్టి, జరగాల్సింది జరిగిపోయాక టాకిల్ చేయించారని నాకు అనిపించింది. అతను ముందుకు వచ్చి క్వార్టర్‌బ్యాక్ కళ్లలో పడాలి. ఇక్కడున్నాడా, అక్కడున్నాడా అని అవతలివాడు ఒక్క క్షణం ఆలోచించినా చాలు, నా లెక్కలో ఆ ‘మూడు’ వచ్చేస్తుంది.

ఫోన్లలో తిట్టేవాళ్లతో వాదించకు. వచ్చే ఆటలో స్టేడియంలో బర్క్ పేరు పిలిచినప్పుడు గట్టిగా అరువు. నేనూ అరుస్తాను.

ప్రశ్న: మన డిఫెన్స్ ప్లాన్లు వేసే కోచ్, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్‌ను తీసేయాలా? – పావెల్, ఒహాయో

జవాబు: వద్దండీ. ఒక్క ఓటమికి సీజన్ మధ్యలో పగ్గాలు లాక్కుంటే ఏమవుతుందో 2021లో చూశాం. అప్పుడు కూడా ఒరెగానే, మన ఊళ్లోనే, 35-28. ఆ తర్వాత అప్పటి కోఆర్డినేటర్ చేతి నుంచి ప్లే కాలింగ్ (ఏ ఎత్తు ఆడాలో చెప్పే పని) తీసేశారు. నవంబర్‌లో మిషిగన్ 42-27తో కొట్టింది.

నోల్స్ గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2022లో ఆయన వచ్చిన కొత్తలో బ్లిట్జ్ (మామూలు కన్నా ఎక్కువ మందిని క్వార్టర్‌బ్యాక్ మీదకు పంపడం) అంటే ప్రాణం. ఆ నవంబర్‌లో మిషిగన్‌తో ఆట నేను మన స్టేడియం పై అంతస్తు సి డెక్‌లో కూర్చుని చూశాను. మనవాళ్లు ముందుకు దూకుతున్నారు, వెనక ఖాళీ. వాళ్ల రిసీవర్ కార్నీలియస్ జాన్సన్‌కు ఒక పాస్ 69 యార్డులు, ఇంకోటి 75 యార్డులు, రెండూ టచ్‌డౌన్లు. 45-23తో ఓడాం. నా చుట్టూ లక్ష మంది ఉన్నారు, ఒక్క మాట వినిపించలేదు. కొత్త సంవత్సరం ముందు రాత్రి జార్జియాతో ఆటలో మళ్లీ ఒక పెద్ద పాస్, మన సేఫ్టీ కాలు జారి 76 యార్డుల టచ్‌డౌన్, 42-41తో మళ్లీ ఓడాం. ఆ దెబ్బలు తిన్న మనిషి 2023లో జాగ్రత్తపడ్డాడు. వెనక మనుషులను ఉంచి పెద్ద పాస్‌లు ఆపాడు, ఆ ఏడాది మన డిఫెన్స్ నిజంగా గొప్పగా ఆడింది. నా భయం ఏమిటంటే ఆ జాగ్రత్త ఇప్పుడు అలవాటుగా మారి, నలుగురినే పంపడం, వాళ్లు చేరలేకపోయినా ప్లాన్ మార్చకపోవడం దాకా వచ్చింది. 2022 దూకుడు వద్దు. కానీ ఐదో మనిషి ఎక్కడి నుంచి వస్తాడో అవతలివాడికి తెలియకుండా చేయడం ఆయనకు వచ్చిన విద్యే. సోనీ స్టైల్స్ నిన్నటి దాకా సేఫ్టీ, ఈ ఏడాది ముందు వరుస వెనకే నిలబడే లైన్‌బ్యాకర్. అటువంటి మనిషిని చేతిలో పెట్టుకుని ఒకే చోట నిలబెట్టడం నాకు నచ్చలేదు.

ప్రశ్న: చివర్లో ఒరెగాన్ పన్నెండు మందితో ఆడింది కదా, అది మోసం కాదా? – టెక్సస్ నుంచి ఒక బక్‌ఐ (ఒహాయో స్టేట్) అభిమాని

జవాబు: చూడనివాళ్ల కోసం చెబుతాను. పది సెకన్లు మిగిలాయి. మనకు థర్డ్ డౌన్ (మూడో ప్రయత్నం), 25 యార్డులు కావాలి. ఒరెగాన్ పదకొండు మందికి బదులు పన్నెండు మందిని నిలబెట్టింది. పాస్ చేరలేదు. శిక్షగా మనకు ఐదు యార్డులు వచ్చాయి, కానీ గడియారంలో నాలుగు సెకన్లు పోయాయి. మిగిలిన ఆరు సెకన్లలో విల్ హోవర్డ్ పరిగెత్తి జారి కూర్చునేసరికి టైము అయిపోయింది.

నాకు ఆ రాత్రి కోపం వచ్చింది. నాలుగు రోజులకే నిబంధనలు చూసేవాళ్లు దాన్ని సవరించారు. ఇకపై చివరి రెండు నిమిషాల్లో ఇలా జరిగితే పోయిన సెకన్లు వెనక్కి అడగొచ్చు. సవరించాల్సి వచ్చిందంటే అప్పటిదాకా అది నిబంధనల్లో ఉన్న సందే. ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ నిబంధనల పుస్తకం మనకన్నా బాగా చదివాడు. నేనైతే ఓటమిని దాని మీద వేయను. 31 పాయింట్లు కొట్టిన ఆఫెన్స్‌ను ఆ పది సెకన్ల దాకా తెచ్చింది మన డిఫెన్స్.

ప్రశ్న: మిగిలిన సగం సీజన్‌లో ఏం చూడాలి? ఆశ పెట్టుకోవచ్చా? – లూయిస్ సెంటర్, ఒహాయో

జవాబు: పెట్టుకోవచ్చు. టైటిల్ కోసం సీజన్ చివర ఆడే ప్లేఆఫ్ ఈ ఏడాది నుంచే పన్నెండు జట్లకు పెరిగింది, ఒక్క ఓటమితో తలుపులు మూసుకోవు. ఒరెగాన్‌ను మళ్లీ చూసే అవకాశం కూడా ఉంది, నేను దాని కోసమే ఎదురుచూస్తున్నాను.

అక్టోబర్ 26న నెబ్రాస్కా మన ఊరికి వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ డిలన్ రైయోలా ఫ్రెష్మన్, ఒకప్పుడు మన దగ్గరే చేరతానని మాట ఇచ్చి తర్వాత మనసు మార్చుకున్నవాడు. చేతిలో బలం చాలా ఉంది, అనుభవం తక్కువ. అక్కడ కూడా శాక్‌లు రాకపోతే మాత్రం నాకు నిజంగా దిగులే. నవంబర్ 2న పెన్ స్టేట్‌లో ఇంకో రకం పరీక్ష. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డ్రూ అల్లర్ మన ఒహాయోలోని మెడైనా కుర్రాడు. వాళ్ల టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి అడ్డుకోవడం, పాస్ పట్టడం రెండూ చేసేవాడు) టైలర్ వారెన్, మనం ఒరెగాన్‌లో ఓడిపోయిన అదే శనివారం, సదరన్ కాలిఫోర్నియా మీద 17 పాస్‌లు పట్టి 224 యార్డులు తీశాడు. ఒక టైట్ ఎండ్! అతన్ని కార్నర్‌బ్యాక్‌లు కాచలేరు. స్టైల్స్, డౌన్స్, వెనకున్న ఐదుగురిలో ఐదోవాడిగా, నికెల్ జాగాలో ఆడే జోర్డన్ హాంకాక్ కలిసి చూసుకోవాలి. ఇండియానాను కూడా చిన్నచూపు చూడకండి. ఇప్పటికి ఆరుకు ఆరూ గెలిచి కూర్చున్నారు, నవంబర్ 23న మన దగ్గరకు వస్తారు. ఆ తర్వాత వారం మిషిగన్. అది వేరే చెప్పక్కర్లేదు.

మీరు గేమ్ చూసేటప్పుడు స్కోరు కింద తిరిగే పాసింగ్ యార్డులను కాసేపు పట్టించుకోకండి. ఇరవై యార్డులు దాటిన పాస్‌లు ఎన్ని వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. థర్డ్ డౌన్‌లో ఏడెనిమిది యార్డులు కావలసినప్పుడు డౌన్స్ ఎక్కడ నిలబడ్డాడో వెతకండి. బంతి కదలగానే ఒకటి, రెండు, మూడు అనుకోండి. నెబ్రాస్కా ఆటకు నేను సి డెక్‌లోనే ఉంటాను. రైయోలా చేతిలోకి మొదటి బంతి రాగానే నా లెక్క మొదలవుతుంది.